సామర్లకోట వైద్యుడు
విలియము రాక్సుబర్గు జీవితము

గోదావరి మన్యము మొదలు జిన్నారము చెంతనున్న నర్సాపూరు అడవి వఱకు మన కొండలమీదను బీడులయందును పెరుగు వృక్షములకు శాస్త్రజ్ఞులు లాటిను భాషలో పేర్లు పెట్టియున్నారు. ఆ పేర్ల చివర తఱుచుగా ఒక గుఱుతు కనబడును. తునికి, తపసి, అందుగు, నారయేపి, వీనిలో దేనిని వృక్షశాస్త్ర గ్రంథమున వెదకినను పేరు వెంబడి ఒకే మనుష్యుని ఇంటిపేరు పొట్టిచేసి వ్రాయబడి యుండును. ఆ మనుష్యుడు విలియము రాక్సుబర్గు. స్కాట్లండు దేశమున పుట్టి, తూర్పిండియా కంపెనీ కొలువున వైద్యుడై తెలుగుదేశమునకు వచ్చి, సామర్లకోటలో ఇంచుమించు పండ్రెండు సంవత్సరములు గడపి, భారతీయ వృక్షశాస్త్రమునకు తండ్రి యని పాశ్చాత్యులచే కొనియాడబడినవాడు.

ఆ చెట్లకు అతనికి పూర్వమే పేర్లు కలవు. వాని బెరడు దేనికి మందో, వేరు దేనికి విరుగుడో ఎఱిగిన జనులును కలరు. అయినను చెట్టు వెంట ఇతని పేరు నిలిచినది. వారి పేరు నిలువలేదు. ఇది యెట్లు జరిగెనో తెలియుటకు ఇతని జీవితము చక్కని నిదర్శనము.

రాక్సుబర్గు 1751 వ సంవత్సరమున ఎయిర్‌షైరు మండలములోని క్రెయిగీ గ్రామ ప్రాంతమున జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదివెను. ఆ కాలమున వైద్యవిద్యార్థికి మొక్కల నెఱుగుట తప్పనిసరి. ఔషధములలో అధిక భాగము మొక్కలనుండియే వచ్చుచుండెను. అచ్చట జాన్ హోపు అను ఆచార్యుడు స్వీడను దేశపు లిన్నేయసు ఏర్పఱచిన వర్గీకరణ పద్ధతిని బోధించుచుండెను. పువ్వులోని కేసరముల సంఖ్యను, అమరికను బట్టి ప్రపంచములోని యే మొక్కనైనను ఒక గదిలో నుంచి, రెండు మాటల పేరుతో పిలుచు పద్ధతి యది. ఈ పద్ధతిని చేతబట్టుకొని రాక్సుబర్గు కంపెనీ ఓడలపై వైద్యసహాయకుడుగా పనిచేసి, 1776 లో చెన్నపట్టణమున సహాయ వైద్యుడుగా కుదిరెను.

వచ్చిన దినములనుండియే అతనికి గమనించుటయు, గమనించినదానిని వ్రాసిపెట్టుటయు అలవాటు. చెన్నపట్టణపు కోటలో ఉష్ణమును, గాలిని, వర్షమును ప్రతిదినము కొలిచి వ్రాసెను. ఆ దినచర్య 1778 లోను 1780 లోను లండను రాయల్ సొసైటీ పత్రికయందు అచ్చుపడెను. ఈ యలవాటే తరువాత అతని కీర్తికి మూలమైనది.

1781 లో అతడు సామర్లకోటకు మార్చబడెను. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చి అప్పటికి పదునైదేండ్లు మాత్రమే. చుట్టును పెద్దాపురము, పిఠాపురము జమీందారీలు. ఏలేటి నీటితో పండు చెఱకు తోటలు. పడమటను ఉత్తరమునను రాజమహేంద్రవరపు సర్కారు కొండలు. తూర్పున కాకినాడ, కోరంగి రేవులు. సైనికుల రోగములు చూచుట అతని యుద్యోగము. మిగిలిన కాలమంతయు మొక్కలకే వినియోగించెను. సామర్లకోటలో తోట నాటెను. కొండలలో అడవి మిరియపు తీగ కనబడగా దానిని తెచ్చి పెంచెను. కాఫీ, దాల్చిన, జాఫ్రా, సీమపనస, పట్టుపురుగులకు కంబళి చెట్లు, ఇట్టివన్నియు అచ్చట పరీక్షింపబడినవి. నేడు ఏటికొప్పాక బొమ్మలకు వాడు ఆంకుడు చెట్టు ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని అతడు చూపెను.

కంపెనీవారు ఈ తోటను మన మేలుకోరి పోషించిరని భ్రమింపరాదు. వర్తకమున లాభము వచ్చు సరకు లెవ్వి, ఇతర జాతులవద్ద కొనుచున్న మిరియమును దాల్చినను తమ నేలలోనే పండింపవచ్చునా, ఖరీదైన పరదేశపు మందులకు బదులు ఈ దేశపు మూలికలు పనికివచ్చునా అను లెక్కలు వారివి. రాక్సుబర్గు ఆ లెక్కలకు తోడ్పడిన సేవకుడే. కాని సేవకుని మనస్సు యజమాని లెక్కకంటె విశాలముగా నుండుట లోకమున లేకపోలేదు. కంపెనీకి లాభము తేని గడ్డిపోచలను, ముండ్లకంపలను గూడ అతడు అంతే శ్రద్ధతో వర్ణించెను.

అతనికి ముందు ఈ తీరమున మొక్కల నన్వేషించినవాడు జొహాన్ గెర్‌హార్డు కోనిగు. ఇతడు లిన్నేయసు శిష్యుడు. తరంగంబాడిలో డేనిషువారి వద్ద పనిచేసి, పిమ్మట కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడైనవాడు. 1785 లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున రక్తవిరేచనములతో మంచము పట్టగా రాక్సుబర్గు అతనికి వైద్యము చేసెను గాని ప్రాణము నిలుపలేకపోయెను. తరువాత పాట్రిక్ రస్సెలు ఆ పదవిలోనికి వచ్చెను. విశాఖపట్టణమున నుండి మన పాముల జాతులను, విషములను శోధించినవాడు ఈ రస్సెలే. అతడు స్వదేశమునకు మరలిపోగా ఆ పదవి రాక్సుబర్గునకు సంక్రమించెను. ఈ నడుమ 1787 మే నెలలో కోరంగి తీరమును ఉప్పెన ముంచెను. ఊళ్లకు ఊళ్లే కొట్టుకొనిపోయినవి. ఏండ్ల తరబడి కూర్చిన మొక్కలును, గ్రంథములును, వ్రాతలును రాక్సుబర్గునకు ఆ కాలపు ఉప్పెనలోనే నష్టమైనవని చరిత్రకారులు చెప్పుదురు. అతడు చేతులు ముడుచుకొని కూర్చుండక తిరిగి మొదటినుండి ఆరంభించెను.

అతని పనిపద్ధతి మనము విశేషించి గమనింపదగినది. మొక్క దొరకగానే దానిని ముందుంచుకొని వేరు మొదలు విత్తనము వఱకు వర్ణించును. పిదప దానిని ఈ దేశస్థులు ఏమని పిలుతురో అడిగి, ఆ తెలుగు పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనును. వారు దేనికి వాడుదురో విచారించును. ఎండిన కొమ్మలు రూపు మాఱును గనుక, పచ్చిగా నుండగానే చిత్రించుటకు దేశీయ చిత్రకారులను నియమించి, చాలవఱకు సహజ పరిమాణముననే బొమ్మలు వ్రాయించెను. ఈ విధముగా తెలుగువారి నోటిమాట మొదటిసారి పాశ్చాత్య శాస్త్రగ్రంథములలోనికి విరివిగా ప్రవేశించినది.

కొన్ని యుదాహరణములు చూతము. చిల్లగింజను మన స్త్రీలు ఎఱుగని యిల్లు ఆ కాలమున లేదు. గింజను మట్టికుండ లోపలి ప్రక్కను కొంతసేపు రుద్ది, అందు బురదనీరు పోసి కదపక యుంచినచో మడ్డి యడుగున దిగి నీరు తేటపడును. రాక్సుబర్గు దీనిని సంతలో అమ్ముట చూచి, వాడుక నంతయు వివరముగా వ్రాసెను. ముసిడి చెట్టును, చిల్ల చెట్టును ఒకే జాతికి చెందినవనియు, ఒకటి ప్రాణము తీయునదికాగా మఱియొకటి త్రాగునీటిని తేర్చుననియు ఆ గ్రంథము చూచినవారికి బోధపడును. వెర్రిపాల వేరును రక్తవిరేచనములయందు వాంతికొఱకు ఇచ్చుట నెఱిగి, అమెరికానుండి వచ్చు ఇపెకాకు వేరునకు బదులుగా తన రోగులకే యిచ్చి గుణము కనుగొనెను. కోరమాండలు వస్త్రములకు ఎఱుపు రంగు నిచ్చిన చిరివేరు మొక్కనుగూర్చియు అతడు వ్రాసెను.

వీనియన్నిటిలో ప్రసిద్ధికెక్కినది సోమిద. దీనిని సోమిమాను అనియు పిలుతురు. రాజమహేంద్రవరపు కొండలలో ఎత్తుగా పెరుగు చెట్టు. చేవ యెఱ్ఱగా, మిక్కిలి గట్టిగా నుండును. తామెఱిగిన కఱ్ఱలలో దీనికంటె మన్నిక గలది లేదని ఈ దేశస్థులు తలచి దేవాలయముల పనికి వాడుదురని అతడు వ్రాసెను. దాని బెరడు చేదు. జ్వరములకు ఆనాడు ఐరోపావారికి దిక్కు దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనా బెరడు ఒక్కటియే. అది ఖరీదైనది, కల్తీయైనది, సమయమునకు దొరకనిది. సోమిద బెరడు దానికి బదులు కాగలదని రాక్సుబర్గు ఆశించి, ప్రయోగములు చేసి, బెరడును స్వదేశమునకు పంపెను. 1794 లో ఎడింబరోలో ఒక వైద్యవిద్యార్థి ఆ బెరడుపై లాటినులో సిద్ధాంత వ్యాసము వ్రాసెను. ఆ నగరపు ఔషధ గ్రంథమునందును అది కొంతకాలము స్థానము పొందెను.

అయితే సత్యమును సత్యముగానే చెప్పవలెను. సోమిద బెరడు చేదును వగరును గల బలకరమైన మందే గాని, మలేరియాను కూకటివేళ్లతో తీయు శక్తి దానికి సింకోనావలె లేదు. 1820 లో ఫ్రెంచి రసాయనజ్ఞులు సింకోనానుండి క్వినైనును వేఱుచేసిరి; 1860 తరువాత నీలగిరులలో సింకోనా తోటలు పెరిగినవి; సోమిద మఱుగుపడినది. ఐనను 1830 లో దానికి ప్రత్యేకజాతిగా పేరు పెట్టవలసి వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు మన తెలుగు మాటనే గ్రహించిరి. సండ్ర చెట్టు తెలుగు పేరును రాక్సుబర్గు తానే లాటినులోనికి ఎక్కించెను. మన పల్లెవాని మాట ఇట్లు ప్రపంచ శాస్త్రభాషలో భాగమైనది; ఆ మాట చెప్పిన పల్లెవాడు మాత్రము ఎవడో తెలియదు.

1794 నాటికి రాక్సుబర్గు ఇంచుమించు ఐదువందల చిత్రములను వర్ణనలతో గూడ లండనునకు పంపెను. సర్ జోసెఫ్ బ్యాంక్సు వానిలో మూడువందలను ఎన్నిక చేయగా, కోరమాండలు తీరపు మొక్కలు అను పేర కంపెనీవారు మూడు పెద్ద సంపుటములుగా ప్రకటించిరి. మొదటి భాగము 1795 లో వెలువడగా, చివరిది ముగియుటకు ఇరువదియైదు సంవత్సరములు పట్టెను. ఆ పుటలను త్రిప్పినవాడు బొమ్మల సొగసునకు ముగ్ధుడు కాక మానడు. సామర్లకోటలో కూర్చుండి ఆకు ఈనెను, పూరేకు నీడను, కాయ నూగును కుంచెతో పట్టినవారు మనవారు. ఆ గ్రంథమున వారి పేర్లు కానరావు. కొండనుండి కొమ్మ తెచ్చిన కోయవాని పేరు గాని, గుణము చెప్పిన వైద్యుని పేరు గాని కానరాదు.

ఆ సంవత్సరములలోనే తెలుగుదేశమునకు మహావిపత్తు వాటిల్లెను. 1789 మొదలు 1792 వఱకు వానలు చాలక ఉత్తర సర్కారులు క్షామమున మలమల మాడినవి. రాక్సుబర్గు ఆ మరణములను చూచుచు సామర్లకోటలోనే యుండెను. వాన లెక్క వ్రాయు అలవాటు గలవాడు గనుక ఈ క్షామము ఒకనాటి దురదృష్టము కాదనియు, ఇట్టివి మరల వచ్చుననియు గ్రహించెను. వానమీద మాత్రమే ఆధారపడు పైరు తప్పినను ప్రాణము నిలుపగల చెట్లను, కొబ్బరి, పనస, అరటి, సీమపనస, సగ్గుబియ్యపు చెట్టు వంటివానిని, ఊరూరను నాటింపవలెనని ప్రభుత్వమునకు సూచించెను. శిస్తు వసూలుపై నున్న శ్రద్ధ కంపెనీకి చెట్లపై లేకపోయెను. గోదావరిపై ఆనకట్ట పూర్తియగుటకు 1852 వఱకు వేచియుండవలసి వచ్చెను. ఈ నడుమ 1833 నాటి గుంటూరు క్షామమువంటివి లక్షలకొలది జనులను పొట్టబెట్టుకొన్నవి. శాస్త్రజ్ఞుడు చెప్పినను పాలకుడు వినకున్న శాస్త్రము ఎవరిని రక్షింపగలదు?

1793 లో కలకత్తా వృక్షోద్యాన స్థాపకుడు రాబర్టు కిడ్ మరణింపగా రాక్సుబర్గు ఆ యుద్యానమునకు అధ్యక్షుడుగా పోయెను. సామర్లకోట తోట బెంజమిను హైను అను జర్మను వైద్యుని చేతికి వచ్చినది. హుగ్లీ గట్టున ఇరువది సంవత్సరములు రాక్సుబర్గు శ్రమించెను. టేకు, జనుము, గోగునార మొదలగువానిపై ప్రయోగములు చేసెను. 1814 లో శ్రీరామపురపు మిషనరీ విలియము కేరీ అచ్చువేసిన ఉద్యాన పట్టికలో మూడువేల ఐదువందల జాతుల మొక్కలు లెక్కకు వచ్చినవి. అప్పటికి రాక్సుబర్గు ఆరోగ్యము చెడి, 1813 లోనే ఈ దేశమును విడిచిపోయెను. 1815 లో ఎడింబరోలో మరణించెను. తన జీవితసారమైన భారతీయ వృక్షసముదాయ గ్రంథము అచ్చుపడుట అతడు చూడలేదు. కొంతభాగము 1820, 1824 సంవత్సరములలో వెలువడగా, మొత్తము 1832 లో కేరీ ప్రకటించెను. అందును వందలకొలది తెలుగు పేర్లు నిలిచియున్నవి. తరువాత వాల్టరు ఇలియట్టు దొర 1859 లో ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను కూర్చి ఫ్లోరా ఆంధ్రికా అను పట్టికను ప్రకటించుటకు ఈ బాటయే తోడైనది.

ఇక ఇతని జీవితమునుండి మనము గ్రహింపవలసినది యేమి? పరులు మన విద్యను దోచుకొనిరని వాపోవుట సులభము. అందు సత్యమును కలదు. పేర్లు చెప్పక పుచ్చుకొన్న విద్యకు ఋణము తీఱలేదు. కాని మన వైపు లోపమును దాచరాదు. మన నిఘంటువులలో ఒక ఓషధికి ఇరువది పర్యాయపదములు కలవు. ఒకే పదము నాలుగు ఓషధులకు చెల్లును. ఏది యేదియో గురువు చేతితో చూపిననే గాని తెలియదు. చూపు గురువు తన కుమారునకు తప్ప ఇతరులకు చూపడు. కుమారుడు లేనివాని విద్య అతనితోనే కాటికి పోవును. అడవిలోని యెఱుక గలవానికి అక్షరము లేదు; అక్షరము గలవానికి అడవి త్రోవ తెలియదు. ఈ రెంటిని కలిపినవాడు మనవాడు కాక పరదేశి యయ్యెను. రాక్సుబర్గు బలము తుపాకి కాదు. అడుగుట, చూచుట, వ్రాయుట. ఈ మూడును మనకు నిషిద్ధములు కావు.

వ్రాతకెంత బలము కలదో ఇటీవలి చరిత్రయే చాటుచున్నది. పసుపు గాయము మాన్పునను సంగతిని క్రొత్తగా కనుగొన్నట్లు చెప్పి 1995 లో అమెరికాలో పేటెంటు పొందిరి. మన శాస్త్రీయ పరిశోధన మండలి పూర్వగ్రంథములను, వ్యాసములను సాక్ష్యముగా చూపి పోరాడగా 1997 లో అది రద్దయ్యెను. మన అవ్వలు ఎందఱు సాక్ష్యమిచ్చినను గెలువని వ్యాజ్యెమును అచ్చుకాగితము గెలిచినది. పిమ్మట 2001 లో ఆయుర్వేద, సిద్ధ, యునానీ గ్రంథములలోని యోగములను పరదేశ భాషలలోనికి మార్చి నిక్షేపించు సాంప్రదాయిక విజ్ఞాన భాండారము ఆరంభమైనది. ఐతే గ్రంథమున లేనిది, నోటిలో మాత్రమే యున్నది, ఇప్పటికిని రక్షణ లేనిదే.

జిన్నారము, బొల్లారము, పటాన్చెరు ప్రాంతములవారికి ఈ మాట మఱింత దగ్గఱిది. నేడు ప్రపంచమునకు మందులు తయారుచేయు కర్మాగారములు అచ్చట వెలసినవి. మందు పుట్టు చోటనే నీరు చెడినది. 2007 లో స్వీడను శాస్త్రజ్ఞులు పటాన్చెరు వద్ద మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడుచు నీటిని పరీక్షింపగా సిప్రోఫ్లాక్ససిను అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడినదని ప్రకటించిరి. చికిత్స పొందు రోగి నెత్తుటిలో నుండుదానికంటె ఇది హెచ్చు. బురదను తేర్చు చిల్లగింజ ఈ విషమును తేర్చజాలదు. చెఱువు గట్టున పెరుగు మూలిక చెఱువుతోనే చచ్చును. మూలికతో దాని పేరును, పేరుతో దాని గుణమెఱిగినవాని జ్ఞాపకమును నశించును.

2002 నాటి జీవవైవిధ్య శాసనము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక సంఘము నేర్పఱచి, తన యెల్లలోని చెట్టుచేమలను, వానినిగూర్చి జనులకు గల యెఱుకను ఒక పుస్తకమున నెక్కింపవలెను. చట్టము చేయవలసినది చేసినది. పుస్తకము నింపవలసినవారు మనము. ఊరిలో చదువుకొన్న రైతు గాని, ఉపాధ్యాయుడు గాని, లంబాడి తండా పెద్దను, మందులిచ్చు ముసలమ్మను వెంటబెట్టుకొని ఒక వేసవి బీడులు త్రిప్పినచో రాక్సుబర్గు పండ్రెండేండ్లలో చేసినదానిలో తన యూరి భాగము పూర్తిచేయగలడు. అతడు చేయని పని యొకటి అదనముగా చేయవలెను. చెప్పినవాని పేరును, చూపినవాని పేరును, వారి యనుమతితో, చెట్టు పేరు ప్రక్కనే వ్రాయవలెను.

చిల్లగింజ పేరు పలికినంతమాత్రమున నీరు తేఱదు. గింజను పట్టి కుండకు రుద్దవలెను. మన పూర్వుల వైద్యవిద్య గొప్పదని సభలలో పలుకుటయు అట్టిదే. రుద్దు చేతులు కావలెను.